తెల్లవారుజామున 4కి నిద్ర, మధ్యాహ్నం 12కి మెలకువ... నేను బద్ధకస్తుణ్నా?

ప్రశ్న (కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది): డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. లాక్‌డౌన్‌తో కాలేజీ మూసేసి నాలుగు నెలలైంది. రాత్రి 4 దాకా నిద్ర పట్టదు, లేచేసరికి 12. ఆన్‌లైన్ క్లాసులో చేరి, కెమెరా ఆపేసి మంచం మీదే పడుకుంటున్నాను. 11 అసైన్‌మెంట్లు పేరుకుపోయాయి. రెండుసార్లు అర్ధరాత్రి గుండె దడదడలాడి, ఊపిరాడక, నాకూ వైరస్ సోకిందేమోనని హడలిపోయాను. తమ్ముడూ నేనూ ఒకే గదిలో ఉంటాం. 'ఇంట్లో కూర్చుని కూడా చదవలేవా' అని నాన్న రోజూ కేకలేస్తారు. ఈమధ్య పొద్దున లేవకుండా అలాగే ఉండిపోతే బాగుండుననిపిస్తోంది. ఇంత బద్ధకం నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: మీరు మాటవరసకి అన్నట్టు రాసిన ఆ 'లేవకుండా ఉండిపోతే బాగుండు' దగ్గరే మొదలుపెడతాను. నిద్రలేమి, ఒంటరితనం కలిసినప్పుడు ఇలాంటి ఆలోచన చాలామందికి వస్తుంది. వచ్చినంత మాత్రాన ఏదో చేసేస్తారని కాదు. కానీ దాన్ని లోపలే దాచుకోకూడదు. ఇవాళే అమ్మకో అన్నకో నమ్మకమైన స్నేహితుడికో చెప్పండి. ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఇంత చాలు: 'కొన్నాళ్లుగా నాకు బతకాలనిపించడం లేదు. సలహాలేమీ వద్దు, కాసేపు నాతో ఉండు.' ఆ ఆలోచన 'ఎలా, ఎప్పుడు' దాకా వెళ్లిందంటే మాత్రం వ్యవహారం వేరు. ఆ రాత్రి ఒక్కరే ఉండొద్దు. మందులు, ఇతర ప్రమాదకరమైన వస్తువులు మరొకరి చేతికిచ్చి తాళం వేయించండి. తెల్లారేదాకా ఆగకుండా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. లాక్‌డౌన్‌లో కూడా వైద్యం కోసం బయటికి వెళ్లొచ్చు. ఆ ఉధృతి ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండదు, పొంగి తగ్గుతుంది. ఆ కాసేపు గట్టెక్కడమే అప్పటి పని.

ఇక బద్ధకం సంగతి. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లోని ఒక గుహలోకి దిగి రెండు నెలలు ఉన్నాడు. సెప్టెంబరు 14న పైకి పిలిస్తే, ఆయన లెక్కలో అప్పటికి ఇంకా ఆగస్టు 20. అంటే 25 రోజులు లెక్కలోంచి జారిపోయాయి. మన ఒంట్లోని గడియారానికి రోజంటే సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువ. పొద్దుటి వెలుతురు, రోజూ ఒకే వేళకి జరిగే పనులు దాన్ని వెనక్కి లాగి సరిచేస్తుంటాయి. మొదటి పీరియడ్ బెల్లు, బస్సు, సాయంత్రం ఆట... మీ రోజుని పట్టి ఉంచిన మేకులు ఇవే. నాలుగు నెలల కింద అన్నీ ఒక్కసారిగా ఊడిపోయాయి. ఇష్టం లేక కాదు, రోజుకి ఆకారం లేక మీరు చదవలేకపోతున్నారు.

అందుకని చదువు కంటే ముందు మెలకువ వేళని పట్టుకోండి. నిద్రపోయే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ ఉంటుంది. ఇప్పుడు 12కి లేస్తున్నారు కదా, రెండు రోజులు 11:30, ఆ తర్వాత రెండు రోజులు 11... ఇలా అరగంట చొప్పున వెనక్కి జరపండి. 8కి రావడానికి సుమారు 16 రోజులు పడుతుంది. లేచిన అరగంటలోపు డాబా మీదో బాల్కనీలోనో 20 నుంచి 30 నిమిషాలు వెలుతురులో ఉండండి, అదీ కుదరకపోతే తెరిచిన కిటికీ పక్కన. ఇంట్లో దీపాల వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్స్‌కి (వెలుతురుని కొలిచే ప్రమాణం) మించదు. మబ్బు పట్టినా పగటి ఆకాశం కింద అది వేలల్లో ఉంటుంది. ఒంటి గడియారానికి కావలసింది ఆ వేలే.

ఇక్కడ అందరూ చేసే తప్పు 'ఒక రాత్రంతా మేలుకుంటే సెట్ అయిపోతుంది' అనుకోవడం. కాదు. మర్నాడు సాయంత్రం ఏడింటికే ఒరిగిపోయి, రాత్రి రెండింటికి కళ్లు విప్పుకుని కూర్చుంటారు. రెండో తప్పు, నిద్ర రాకుండానే పదింటికే పక్క ఎక్కడం. పక్క మీద మేలుకుని దొర్లిన ప్రతి గంటా 'ఇది నిద్రపోయే చోటు కాదు' అని మెదడుకి నేర్పుతుంది. అక్కడే క్లాసు వినడం, ఫోన్ చూడటం కూడా అంతే. 20 నిమిషాల్లో నిద్ర రాలేదనిపిస్తే (గడియారం చూడొద్దు, అంచనా చాలు) లేచి మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేసి, కళ్లు మూతలు పడుతుంటే వెళ్లండి. గదిలో మంచం తప్ప చోటు లేకపోతే పగలు దుప్పటి మార్చి, తల పెట్టే వైపు కాకుండా రెండో వైపు కూర్చోండి. నవ్వొచ్చినా పనిచేస్తుంది. కాఫీలోని కెఫీన్ సగం కరగడానికే చాలామందికి 5, 6 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం 2 తర్వాత వద్దు.

రాత్రి దడ గురించి. మీరు చెప్పినదాన్ని బట్టి అది పానిక్ అటాక్ (ఒక్కసారిగా కమ్ముకునే తీవ్రమైన భయం) లాగే ఉంది. చాలావరకు పది నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుంది. అయినా ఒకసారి డాక్టర్‌కి చెప్పి గుండె, థైరాయిడ్, రక్తహీనత సంగతి తేల్చుకోండి. జ్వరం, దగ్గు ఉండి, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే అది పానిక్ అనుకుని ఊరుకోకూడదు. దడ మొదలవగానే గబగబా పెద్ద ఊపిరులు తీస్తారు చూడండి, చెడేది అక్కడే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, భయం రెట్టింపవుతుంది. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలు ఊపిరి లోపలికి, 6 అంకెల సేపు నెమ్మదిగా బయటికి, ఐదు నిమిషాలు. పగలు దడ లేనప్పుడు అలవాటు చేసుకుంటేనే అర్ధరాత్రి గుర్తొస్తుంది. కరోనా కేసుల లెక్కలు చూడటం రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున. పడుకునే ముందు గంట అసలే వద్దు.

అసైన్‌మెంట్లు 11 అన్నారు. మనసులో అవి 50లా కనిపిస్తుంటాయి. కాగితం మీద రాసి మూడు గుంపులు చేయండి: మార్కులుండి గడువు మిగిలినవి, గడువు దాటినవి, మార్కులు లేనివి. మూడో గుంపుని వదిలేయండి, మొహమాటం అక్కర్లేదు. రెండో గుంపు గురించి మేడమ్‌కో సర్‌కో నాలుగు వరుసల మెయిల్: 'ఆరోగ్యం, నిద్ర దెబ్బతిని ఈ మూడు పంపలేకపోయాను. ఫలానా తేదీకల్లా మొదటిది ఇవ్వగలను. మిగతావాటికి అవకాశం ఉందా?' క్షమాపణలు పేజీలకొద్దీ రాయకండి, తేదీ ఒక్కటి స్పష్టంగా రాయండి. మొదటి గుంపులో చిన్నది ఎంచుకుని 25 నిమిషాలు కూర్చోండి, 5 నిమిషాలు లేవండి. రోజుకి ఇలాంటివి మూడు చాలు. 'రేపటి నుంచి 10 గంటలు' అనే టైంటేబుల్ సాధారణంగా మూడో రోజు చస్తుంది, పోతూపోతూ 'నావల్ల కాదు' అనే ముద్ర వేసిపోతుంది. ఆసక్తి పుట్టాక మొదలుపెడదామనుకోకండి. ఇలా కుంగి ఉన్నప్పుడు పని ముందు, ఆసక్తి వెనుక. పనికి ముందూ తర్వాతా మనసు ఎలా ఉందో 10కి ఎంతో వేసుకుంటే వారంలో తేడా మీకే కనిపిస్తుంది.

నాన్నతో కేకల మధ్యలో వాదించకండి. ఆయన భయం కూడా కోపంలా బయటికొస్తుండవచ్చు. శాంతంగా ఉన్న పూట చూసి, 'నన్ను అర్థం చేసుకోండి' అని కాకుండా, ఇచ్చేందుకు వీలైనది అడగండి: 'ఉదయం 10 నుంచి 12 దాకా గది నాకు వదిలితే, వారానికి రెండు అసైన్‌మెంట్లు పూర్తిచేసి మీకు చూపిస్తాను.' తమ్ముడికి సాయంత్రం రెండు గంటలు అలాగే ఇవ్వండి.

ఇవన్నీ చేస్తూనే మానసిక వైద్యుల అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. బతకాలనిపించకపోవడం అనే ఒక్క లక్షణానికే అది అవసరం. డిప్రెషన్ (కుంగుబాటు) ఎంత ఉందో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి నింపి తీసుకెళ్తే మాట సులువవుతుంది: 9 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27కి. 10 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే తప్పకుండా చూపించుకోవాలి. చచ్చిపోతే బాగుండుననే ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా తప్ప ఏం వచ్చినా, మొత్తంతో పనిలేకుండా ఆ మాటే మొదట చెప్పండి. డిప్రెషన్ మందులు రాస్తే వాటి ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీ వయసులో మొదటి వారాల్లో అలజడి గాని, చావు ఆలోచనలు గాని పెరిగితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, మందు సొంతంగా ఆపేయకూడదు.

డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే, ఇంట్లో అందరూ వింటారన్న ఇబ్బంది ఉంటుంది. డాబా మీద నడుస్తూ మాట్లాడండి. అదీ కుదరకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, బయటికి చెప్పలేని జవాబులు చాట్‌లో టైప్ చేస్తానని ముందే చెప్పండి. మధ్యలో కాల్ కట్ అయితే తిరిగి ఎవరు చేయాలో మొదటి నిమిషంలోనే అడిగి ఉంచుకోండి.