గంటర్స్‌విల్ ట్రిప్‌కి మీ కార్డే ఎందుకు?

ప్రశ్న: జార్జియాలోని కమ్మింగ్‌లో ఉంటాం. నేను, నా భార్య, ఆరేళ్ళ బాబు. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకి మూడు కుటుంబాలం అలబామాలోని గంటర్స్‌విల్ వెళ్దామనుకుంటున్నాం. లేక్ ఒడ్డున నాలుగు బెడ్‌రూముల ఇల్లు రెండు రాత్రులకి 1,350 డాలర్లని చూపించారు, పన్నులు కలిపితే 1,500 అయింది. పాంటూన్ బోటు (అందరూ కలిసి కూర్చునే చదునైన బోటు) అద్దెకి ఇంకో 420. "నీ కార్డు మీద బుక్ చేసెయ్, పాయింట్లు నీకే వస్తాయి, వచ్చాక లెక్క చూసుకుందాం" అంటున్నారు. నా కార్డు మీద ఇప్పటికే 6,000 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. బుకింగ్ ఈ జూన్‌లోనే చేయాలట. అసలు అప్పుండగా ఇలాంటి ట్రిప్‌లు వెళ్ళడం తప్పా?

జవాబు: వెళ్ళండి. ఆ కార్డు మీద మాత్రం బుక్ చేయకండి.

బాకీ లేని కార్డు మీద ఏదైనా కొని, బిల్లు గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ పడదు. గ్రేస్ పీరియడ్ అంటే అదే. పాత బాకీ నెలనెలా మోసుకొస్తున్న కార్డుకి మామూలుగా ఈ వెసులుబాటు పోతుంది. కొత్తగా గీకిన ప్రతి డాలరుకీ ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. 1,500 మీద 24 శాతమంటే నెలకి 30 డాలర్లు. జూన్‌లో బుక్ చేసి, సెప్టెంబరులో తిరిగొచ్చాక లెక్క చూసుకుంటే సుమారు 90. పాయింట్లు ఒకటిన్నర శాతం చొప్పున లెక్కేసినా వచ్చేది 22 డాలర్ల చిల్లర. అంటే మిగతా రెండు కుటుంబాలకీ మూడు నెలలు అప్పిచ్చి, దాని వడ్డీ మీరే కడుతున్నారన్నమాట.

మీ మూడు కుటుంబాల్లో నెలనెలా బిల్లు మొత్తం కట్టేసేవాళ్ళు ఒకరుంటారు. వాళ్ళ కార్డు వాడండి. మిగతావాళ్ళు బుకింగ్‌కి ముందే తమ వాటా జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ) పంపాలి, తర్వాత కాదు. మొహమాటమైతే "నా కార్డులో లిమిట్ లేదు" అనండి, చాలు. మీకే బాకీ లేని ఇంకో కార్డుంటే అదీ పనికొస్తుంది. గ్రేస్ పీరియడ్ ఏ కార్డుకి ఆ కార్డుకే లెక్క.

వాటా ఎలా వేస్తారో మీరు రాయలేదు. మూడు కుటుంబాలు కాబట్టి కుటుంబానికి 500 అనుకుని ఉంటారు. కానీ గదులు నాలుగు. ఎవరింటికో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, ఆ కుటుంబానికి రెండు గదులు పోతాయి. ఇంటి అద్దె గది లెక్కన, సరుకులు, బోటు కుటుంబం లెక్కన వేసుకోవడం న్యాయమని నా అభిప్రాయం. అప్పుడు మీ వాటా 375. అడగడం ఇబ్బందే, నిజమే. ఇల్లు ఖాయం కాకముందు అడిగితే అది ఒక మాట, తిరిగొచ్చాక అడిగితే తగాదా.

ఒకరి పిల్లాడికి జ్వరమొచ్చి ఆగిపోతే? ఉచితంగా రద్దు చేసుకునే ఆఖరి తేదీ చూసి, ఆ తేదీ దాటాక మానుకున్నవాళ్ళ డబ్బు తిరిగి రాదని వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే రాయండి.

ఇక ధర. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం 2025 మే 12 నుంచి ఇలాంటి బసలకి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం చివర్లో కలపొచ్చు. మీకు 1,350 కాస్తా 1,500 అయింది అందుకే. ఆ 1,350 విడమరిచి చూడండి. క్లీనింగ్ ఫీజు రెండు రాత్రులున్నా నాలుగున్నా సాధారణంగా ఒకటే, అందుకే వీకెండ్ ట్రిప్‌లో అది బాగా బరువవుతుంది. అక్కడి లేక్ గంటర్స్‌విల్ స్టేట్ పార్కులో లాడ్జి, కాటేజీలు, క్యాంప్‌గ్రౌండ్ ఉన్నాయి. బుక్ చేసేముందు ఆ ధరలూ పక్కన పెట్టుకోండి. లేబర్ డే పట్టుదల లేకపోతే తర్వాతి రెండు వారాల్లో ఏదో ఒక వీకెండ్ చూడండి. నీళ్ళు అప్పటికింకా వెచ్చగానే ఉంటాయి, రేట్లు మామూలుగా దిగుతాయి. ఒక్క జాగ్రత్త: గంటర్స్‌విల్ బాస్ చేపల వేటకి పేరున్న ఊరు. 2014లో, 2020లో బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీలు జరిగింది ఈ లేక్‌లోనే. టోర్నమెంటున్న వారం గదులు దొరకడం కష్టం. మీరూ గాలం వేద్దామనుకుంటే 16 ఏళ్ళు నిండినవాళ్ళకి అలబామా ఫిషింగ్ లైసెన్స్ కావాలి, కొద్దిరోజులకి సరిపడేదీ దొరుకుతుంది.

బోటు విషయంలో నాకు 420 కంటే సంతకం గురించే భయం. ఆ అద్దె కాగితం మీద ఎవరు సంతకం పెడితే డ్యామేజీకి వాళ్ళదే పూచీ. అద్దె కారుకి క్రెడిట్ కార్డు ఇచ్చే ఇన్సూరెన్స్ బోటుకి సాధారణంగా వర్తించదు, మీ కారు పాలసీ అయితే అసలే పనికిరాదు. ఈ లేక్‌లో నాచు, నీటి మొక్కలు ఎక్కువ, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. ప్రొపెల్లర్ దెబ్బతింటే ఎంత కట్టాలో, డ్యామేజ్ వేవర్‌లో (కొంత రుసుముకి డ్యామేజీ పూచీ తగ్గించే ఒప్పందం) అది ఉందో లేదో అడిగి, మూడు కుటుంబాలూ సమానంగా భరిస్తారని ఒప్పుకున్నాకే ఎక్కండి. డిపాజిట్‌కి డెబిట్ కార్డు ఇవ్వకండి, డిపాజిట్ కింద ఆపిపెట్టిన ఆ మొత్తం (హోల్డ్) వదిలేవరకు మీ చెకింగ్ ఖాతాలో డబ్బు ఇరుక్కుపోతుంది.

మీ అసలు ప్రశ్న. గది 375, బోటు వాటా 140, రానుపోను మూడొందల మైళ్ళకి పెట్రోలు ఓ 40, సరుకులు 55 అనుకుందాం, మొత్తం 610. ఇదంతా ట్రిప్‌కి బదులు కార్డు బాకీకే కట్టేస్తే నెలకి 12 డాలర్ల వడ్డీ మిగులుతుంది. అంతమాత్రానికి ఇంట్లోవాళ్ళని ఆపమని నేను చెప్పను. కానీ షరతు ఉంది. ఆ 375 ఈ నెల జీతంలోంచి రావాలి, మిగిలిన 235 పదమూడు వారాల్లో వారానికి 18 చొప్పున పక్కన పడాలి, అదీ కార్డుకి ఇప్పుడు కడుతున్న మొత్తం ఒక్క డాలరు తగ్గకుండా. 375 ఇప్పుడు చేతిలో లేదంటే ఈ ఇల్లు మీకొద్దు. పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరి, పార్కులో నడిచి, చీకటి పడేలోగా వచ్చేయండి.

సరుకులు కమ్మింగ్‌లోనే కొనుక్కెళ్ళండి. జార్జియాలో వంట సరుకుల మీద రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు, లోకల్ పన్నే. అలబామాలో 2025 సెప్టెంబరు నుంచి రాష్ట్ర పన్ను 2 శాతానికి తగ్గించినా ఊరి పన్ను దాని మీద కలుస్తుంది. రైస్ కుక్కర్ కూడా పట్టుకెళ్ళండి, ఆ ఇళ్ళలో సాధారణంగా ఉండదు. గడియారం అక్కడ మనకంటే గంట వెనక, చెకిన్ టైమ్ చూసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.