పెళ్ళి ఫొటోగ్రాఫర్ సంచిలో కెమెరా కాక ఏముండాలంటే, ముందు తిండి

"వచ్చే నెల నుంచి సొంతంగా పెళ్ళి ఫొటోలు తీయబోతున్నాను. కెమెరా, లెన్సులు, బ్యాటరీలు, కార్డులు సిద్ధం. ఇవి కాక సంచిలో ఇంకేం పెట్టుకోవాలి?" అని అడిగారు. తిండి పెట్టుకోండి. తిండి, నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. తక్కినవన్నీ వీటి తరువాతే. రాజమహేంద్రవరంలో ఉంటూ 14 ఏళ్ళుగా గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళు తీస్తున్నాను. నా సంచిలోంచి ఎన్నో వస్తువులు వచ్చాయి, పోయాయి. ఈ మూడూ మాత్రం ఒక పెళ్ళి తరువాత ఎన్నడూ బయటికి తీయలేదు.

ఇలాంటి ప్రశ్నకు ఇంటర్నెట్లో దొరికే జాబితాలను నమ్మకండి. అవి తెల్ల గౌను మీద మరక పడితే తుడిచే కలం పెట్టుకోమంటాయి. మన పెళ్ళిలో మధుపర్కాలకు పసుపు అంటకపోతేనే పెద్దవాళ్ళు బాధపడతారు. ఆ దేశాల్లో పగటిపూట గంటలో తంతు ముగిసి, తరువాత అందరూ కూర్చుని భోంచేస్తారు. మన దగ్గర సాయంత్రం ఎదుర్కోలుతో మొదలైతే తెల్లవారి అప్పగింతల దాకా కెమెరా దించే వీలుండదు. ఆ మధ్యలో అసలేమీ తినని మనుషులు ఇద్దరుంటారు, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. మూడో మనిషి మీరు.

ఆ పెళ్ళి సంగతి చెబుతాను. కొత్తపేట దాటాక కోనసీమలో ఒక ఊరు. వైశాఖ మాసం, మే నెల ఎండలు. ఇంటి ముందే తాటాకు పందిరి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. జనరేటరును పందిరి దీపాలకూ మైకుకూ మాత్రమే కలిపారు. పెళ్ళికూతురు గౌరీపూజ చేస్తున్న గది లోపల ఉంది. ఒకటే కిటికీ, దానికి అడ్డంగా సారె పెట్టెలు. ఇరవై మంది ఆడవాళ్ళు, దీపాలు, అగరొత్తుల పొగ. ఆ అమ్మాయి ముందురోజు రాత్రి తిన్న అన్నమే తిండి. మంగళస్నానం తరువాత మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పట్టుచీర, నడుముకు బిగించిన వడ్డాణం, మెడలో నాలుగు వరుసల హారాలు, మోకాళ్ళ వరకూ పూలజడ.

నేను ఆమె చేతులు దగ్గరగా తీస్తున్నాను. వేళ్ళకు పసుపు, పిడికిట్లో అక్షతలు, ఎదురుగా గౌరమ్మ. ఆ ఫొటో నాకు చాలా ఇష్టం, ప్రతి పెళ్ళిలోనూ తీస్తాను. ఆ రోజు మాత్రం అక్షతలు పళ్ళెంలో పడడం లేదు. ఒకసారి పక్కకు పడ్డాయి, రెండోసారి చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి. కెమెరా కొంచెం పైకెత్తి ముఖం చూశాను. పెదవుల రంగు వెనుక అసలు పెదవులు తెల్లబడ్డాయి. పై పెదవి మీద చెమట ముత్యాల్లా నిలిచింది. కెమెరా నేల మీద పెట్టేసి భుజం పట్టుకున్నాను. అప్పటికే ఆమె నా మీదికి ఒరిగిపోయింది.

గదిలో ఒక్కసారిగా గోల. తల్లి ఏడుపు. ఒక పెద్దావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వడ్డాణం కొక్కెం విప్పాను. చాప మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద మడతపెట్టిన బొంత పెట్టాం. కిటికీకి అడ్డమున్న పెట్టెలు తీయించాను. మా లైటు పట్టుకునే కుర్రాణ్ణి ఆ వెలుగు గోడవైపు తిప్పమన్నాను. అర నిమిషంలో కళ్ళు తెరిచింది. మీకెప్పుడైనా ఇలా జరిగి, ఒకటి రెండు నిమిషాల్లో మనిషి తేరుకోకపోతే ఇక ఆలోచించకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమనండి. ముహూర్తం ఎంత దగ్గరగా ఉన్నా సరే.

ఆమె పూర్తిగా తేరుకుని కూర్చున్నాక నా సంచిలోంచి లీటరు నీళ్ళసీసా తీసి ఓఆర్‌ఎస్ పొట్లం కలిపాను. అప్పుడు మేనత్త అడ్డుపడింది. "జీలకర్ర బెల్లం పెట్టేదాకా పచ్చి గంగ ముట్టకూడదు, మా ఇంట్లో ఆనవాయితీ" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు, భయంతో అన్న మాట అది. ఆ గదిలో నేను పైమనిషిని. డబ్బులిచ్చి పిలిపించుకున్న మనిషిని. ఆనవాయితీ గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మాట్లాడింది నాయనమ్మ. ఎనభై దాటి ఉంటాయి. మూలన పీట మీద కూర్చుని అంతవరకూ నోరు విప్పలేదు. "నా పెళ్ళినాడు మా మేనత్త నా నోట్లో చక్కెరకేళి పెట్టింది, కొంగుచాటున. మీ తాతకు కూడా చెప్పలేదు నేను. అరవై ఏళ్ళు కాపురం చేశాను. ఫొటోల అమ్మాయ్, ఆ నీళ్ళు ఇలా ఇవ్వు" అంది. సీసా నా చేతిలోంచి తీసుకుని, గ్లాసులో వంచి, మనవరాలికి గుక్క గుక్కగా తానే పట్టించింది. తరువాత నా డబ్బాలోని పుట్నాలపప్పు, చిన్న బెల్లం ముక్క పెట్టింది. మేనత్త మళ్ళీ మాట్లాడలేదు. కాసేపటికి ఆవిడే విసనకర్ర తెచ్చి పక్కన కూర్చుంది.

వడ్డాణాన్ని ఒక కొక్కెం వదులు చేసి పెట్టి, మేనమామలు బుట్టలో మోసుకుని మండపానికి తీసుకువచ్చారు. అడ్డుతెర వెనుక ఆమె ముఖంలో రంగు తిరిగి రావడం నేను లెన్సులోంచి చూశాను. 3 గంటల 12 నిమిషాలకు గట్టిమేళం మోగింది. జీలకర్ర బెల్లం పడింది. ఆ ఫొటో తీసేటప్పుడు నా చేతులు కూడా వణకలేదు. ఎందుకంటే గదిలోంచి బయటికి వస్తూ నేను కూడా నాలుగు గుక్కలు తాగి, గుప్పెడు పుట్నాలు నమిలాను. పెళ్ళి ఫొటోల్లో కదిలిపోయినవాటిలో సగానికి కారణం లెన్సు కాదు, ఆకలి. నా 14 ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. తెల్లవారుజామున మూడింటికి ఖాళీ కడుపుతో ఉన్న చెయ్యి ఏ కెమెరానూ నిలకడగా పట్టుకోలేదు. ఆ క్షణాన్ని మళ్ళీ తీసే అవకాశం లేదు. పురోహితుణ్ణి ఇంకోసారి పెట్టించమని ఎవరూ అడగలేరు.

ఓఆర్‌ఎస్ అన్నాను కదా, మందుల షాపులో పొడి పొట్లమే కొనండి. లీటరు నీళ్ళకు కలిపే పొట్లంలో సుమారు 21 గ్రాముల పొడి ఉంటుంది, దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉండాలి. అట్టపెట్టెల్లో రంగురంగులుగా దొరికే తియ్యటి పానీయాలను చాలాకాలం ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మారు. ఇలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఎన్ని కుటుంబాలు జబ్బుపడ్డ పిల్లలకు అవి తాగించి ఉంటాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది. పొట్లం దొరకకపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, అంచుకు సమంగా తలకొట్టి కొలవాలి. ఉప్పు మాత్రం ఒక్క రవ్వ ఎక్కువ కాకూడదు.

తిండి ఎలాంటిది అంటే చేతికి అంటనిది, కారనిది, ఎండకు పాడవనిది. మా తాపేశ్వరం కాజా అంటే నాకు ప్రాణం, కానీ ఆ పాకం వేళ్ళకు అంటితే కెమెరా బటన్లన్నీ జిగురవుతాయి. ఉడికించిన పల్లీలు మే నెలలో సాయంత్రానికే వాసన వస్తాయి. అరటిపండు సంచిలో నలిగి లెన్సు గుడ్డకు అంటుకుంటుంది. పుట్నాలపప్పు, చిన్నగా కొట్టిన బెల్లం ముక్కలు, ఎండు ఖర్జూరం, నువ్వుండలు. ఇవి మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టుకోండి. మీ జట్టులో ఎంతమంది ఉంటే అంతమందికీ సరిపోవాలి. లైటు పట్టుకునే కుర్రాడు అడగడు, సిగ్గుపడతాడు. మీరే పిలిచి పెట్టాలి.

పెళ్ళివారి భోజనం ఉంటుంది కదా, ఈ డబ్బా ఎందుకు అంటారేమో. ఉంటుంది. వెయ్యి మందికి వండుతారు. ఫొటోలవాళ్ళకు మాత్రం "తరువాత తిందురుగాని, ఇప్పుడు మా పెద్దమ్మగారు వచ్చారు, ఒక ఫొటో" అంటారు. ఆ తరువాత మరో పెద్దమ్మగారు వస్తారు. పదకొండింటికి వెళితే గిన్నెలు కడుగుతూ ఉంటారు. ఒక ఫంక్షన్ హాల్లో భోజనాల పర్యవేక్షకుడు మా చేతిలోని పళ్ళేలు వెనక్కి తీసుకున్నాడు, లెక్కలో మా నలుగురి పేర్లు లేవట. పెళ్ళికూతురి తండ్రికి తెలిస్తే కన్నీళ్ళు పెట్టుకునేవాడు, అంత మంచి మనిషి. కానీ ఆ హడావుడిలో ఆయనకు ఎవరు చెబుతారు? అప్పటి నుంచి ఒప్పందం కాగితంలోనే రాయిస్తున్నాను. రాత్రి తొమ్మిదిలోపు, ఇద్దరిద్దరుగా, ఇరవై నిమిషాలు భోజనానికి. మొదట్లో కొందరు ముఖం చిట్లించారు. ఎవరూ పని మాత్రం మానిపించలేదు. మీరు మొదటి పెళ్ళి నుంచే రాయించండి. కొత్తవాళ్ళు మొహమాటపడితే ఈ పనిలో ఉన్న అందరికీ నష్టం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పిన్నీసులు రెండు సైజులవి, సూది, ఎరుపూ తెలుపూ దారం, చిన్న కత్తెర. హోమం పొగకు కళ్ళు మండితే తుడుచుకోవడానికి పాత నేత గుడ్డ, అది లెన్సు గుడ్డకు దూరంగా వేరే అరలో పెట్టండి. చేతిలైటు. శుభలేఖ ఒకటి, దాని వెనుక పురోహితుణ్ణి అడిగి తంతుల వరస రాసుకోండి. కన్యాదానం, సప్తపది, తలంబ్రాలు ఒక్కో ఇంట్లో ఒక్కో వరసలో జరుగుతాయి. తోలు బెల్టు పెట్టుకుని వేదిక ఎక్కవద్దనే పురోహితులు కొందరున్నారు, గుడ్డ బెల్టు పెట్టుకుంటే ఆ మాట పడనక్కరలేదు.

మీరు ఏ ఊరో రాయలేదు. రాత్రి లగ్నాలు ఎక్కువగా ఉండే చోటైతే నూలు మేజోళ్ళు రెండు జతలు పెట్టుకోండి. మండపం మీద చెప్పులుండవు. నెయ్యి, కొబ్బరినీళ్ళు, తలంబ్రాల బియ్యం కలిసి నేల జారుతుంది. తడిసిన జత విప్పేసి, తలంబ్రాలకు ముందే పొడి జత వేసుకోండి.