మీ ప్రశ్నలు - మా జవాబులు: చేనిమట్టిలో సీసియం

మా చేను వాలుగా ఉంది. ఏటా పైమట్టి వంకలోకి కొట్టుకుపోతోంది. సీసియం కొలిస్తే ఎంత మట్టి పోయిందో తెలుస్తుందని రైతు సదస్సులో విన్నాను. అసలు మా చేలోకి సీసియం ఎట్లా వచ్చింది?
- రైతు, కళ్యాణదుర్గం

వానతో వచ్చింది. మనం కొలిచేది సీసియం-137, అణుబాంబు పేలినప్పుడు పుట్టే రేడియోధార్మిక పదార్థం. 1950లు, 60లలో ఆరుబయట పేల్చిన అణుబాంబుల ధూళి పైవాతావరణంలోకి పోయి, అన్ని దేశాల మీదా రాలింది. 1963 ప్రాంతంలో ఆ రాలడం బాగా ఎక్కువ. అది సగానికి తరగడానికి 30 ఏళ్లు పడుతుంది కాబట్టి అప్పుడు పడినదాంట్లో ఇప్పుడు నాలుగోవంతు కూడా లేదు. పైగా మన అక్షాంశాల్లో పడిందే తక్కువ. దాన్ని చూసి భయపడాల్సింది లేదు, కొలవడానికే కష్టపడాలి.

ఇది బంకమట్టిలోని అభ్రకం జాతి రేణువుల అంచుల్లో ఇరుక్కుంటుంది, నీళ్లకు సులువుగా ఊడదు. మట్టి ఎటు పోతే అదీ అటే పోతుంది. మనకు కావలసింది ఈ గుణమే.

ముందు పోలికకు ఒక చోటు వెతకాలి. చదునుగా ఉండాలి, 1954కు ముందు నుంచీ దున్నకుండా, తవ్వకుండా ఉండాలి, పైనుంచి నీళ్లు పారకూడదు. గ్రామదేవత గుడి చుట్టూ వదిలేసిన బీడు లాంటిది మేలు. శ్మశానం పనికిరాదు, అక్కడ గుంతలు తవ్వి మట్టంతా తారుమారై ఉంటుంది. పెద్ద చెట్ల కింద కూడా వద్దు. ఒక్క నమూనాతో సరిపెట్టకండి. అదే బీడులో పది అడుగుల తేడాకే అంకె మారుతుంది కాబట్టి కనీసం పది చోట్ల తీయాలి.

10 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాన్ని 30 సెంటీమీటర్ల లోతుకు దించండి. చేను దిగువన, మట్టి మేట వేసే చోట, ఇంకా లోతుకు పోవాలి. నేలలో పదును ఉన్నప్పుడే ఈ పని. ఎండాకాలంలో సుత్తితో బాదితే గొట్టంలో మట్టి కుదించుకుపోయి లోతులన్నీ తప్పుతాయి. గొట్టం లోపలి మట్టం బయటి నేలకంటే కిందికి దిగిందేమో ప్రతిసారీ చూడండి. తీసిన మట్టిని 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి.

అనంతపురం గరుసు నేలల్లో లెక్క చెడేది ఈ జల్లెడ దగ్గరే. రాళ్లలో సీసియం దాదాపు ఉండదు. ఒక ముక్క మొత్తం 600 గ్రాములు, అందులో రాళ్లు 150 గ్రాములు అనుకోండి. జల్లించిన 450 గ్రాముల మట్టిలో కిలోకు 2 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం) ఉంటే ఆ ముక్కలో ఉన్నది 0.9 బెకరెల్. గొట్టం వైశాల్యం 0.00785 చదరపు మీటర్లతో భాగిస్తే చదరపు మీటరుకు 115 వస్తుంది. రాళ్లను కూడా కలిపి గుణిస్తే 153 వచ్చి, పోయిన మట్టి పోనట్టు కనిపిస్తుంది.

ఇంత తక్కువ మోతాదును కొలవాలంటే జెర్మేనియం డిటెక్టర్ ఉన్న ప్రయోగశాల కావాలి, ఒక్కో నమూనాకు రోజంతా పడుతుంది. బీడుతో పోలిస్తే మీ చేలో 30 శాతం తక్కువ తేలిందనుకుందాం. దుక్కి లోతు 15 సెంటీమీటర్లు, మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు అయితే 60 ఏళ్ల లెక్కన ఎకరాకు ఏటా సుమారు నాలుగున్నర టన్నులు పోయినట్టు. ఇది మోటు లెక్క. దున్నినప్పుడల్లా అడుగుమట్టి కలిసి సీసియం పలచబడే సంగతిని పట్టించుకోదు కాబట్టి నష్టాన్ని తగ్గించే చూపిస్తుంది.

ఒక్కటి మాత్రం మీరే చెప్పాలి: ఎప్పుడైనా చేనికి చెరువు పూడికమట్టి తోలించారా? ఆ మట్టి పై పొలాలనుంచి సీసియంతో సహా కొట్టుకొచ్చిందే. అది తోలిన చేలో కోత జరిగినా మేట వేసినట్టు అంకెలు వస్తాయి. కొలిచేవాళ్లు దీన్ని అడగడం మరిచిపోతుంటారు.

తుమ్మలపల్లె యురేనియం గని వైపు వెళ్తే నా గీగర్ కౌంటర్ ఎక్కువగా మోగుతోంది. అది సీసియమేనా?
- డిగ్రీ విద్యార్థిని, పులివెందుల

కాదమ్మా. యురేనియం పరమాణువు పగిలితే సీసియం-137 పుడుతుంది, ఆ పని రియాక్టర్‌లోనో బాంబులోనో జరుగుతుంది. గనిలో, శుద్ధి కర్మాగారంలో జరగదు. అక్కడ అడగాల్సినవి నీళ్లలో యురేనియం, రేడియం, లవణాల సంగతులు. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. దాన్ని గీగర్ కౌంటర్‌తో తేల్చలేం, నీటి నమూనాను ప్రయోగశాలకే పంపాలి.

గీగర్ కౌంటర్ ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కపెడుతుందే కానీ అవి ఏ పదార్థం నుంచి వచ్చాయో చెప్పదు. మామూలు గ్రానైటు గుట్ట దగ్గరా ఎక్కువే మోగుతుంది. మీ కాలేజీలో కిరణాల శక్తిని చూపే సోడియం అయొడైడ్ డిటెక్టర్ ఉన్నా తొందరపడకండి. సీసియం గీత 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే బిస్మత్-214 గీత 609 దగ్గర వస్తాయి. ఆ పరికరంలో రెండూ ఒకే గుట్టగా కలిసిపోతాయి. 1120, 1764 దగ్గర కూడా శిఖరాలు లేచాయా చూడండి. లేస్తే బిస్మత్ ఉన్నట్టే, 662 దగ్గరి అంకెను నమ్మకండి.

శ్రీశైలం జలాశయం పూడికలో 1963 నాటి పొరను గుర్తించవచ్చా?
- పరిశోధక విద్యార్థి, కర్నూలు

ఆ పొర అక్కడ ఉండదు, జలాశయం నిండింది 1980లలో. అక్కడి సీసియం పొలాలనుంచి కొట్టుకొచ్చింది. 1953లో నీళ్లు నిలిపిన తుంగభద్రలో వెతకడం న్యాయం. అయితే ఏటా ఎండిపోయే అంచుల్లో కాకుండా, నీళ్లు తగ్గని లోతట్టున తీయాలి. ఎండి నెర్రెలిచ్చిన చోట పైమట్టి నెర్రెల్లో పడి పొరలు కలిసిపోతాయి. పొరల వయసు చెప్పే మరో రేడియోధార్మిక పదార్థం సీసం-210తో కూడా సరిచూసుకోండి.

సిమెంటు ఫ్యాక్టరీ తుక్కులో మూడు రెక్కల గుర్తున్న బరువైన డబ్బా వచ్చింది. లోపల సీసం ఉందంటున్నారు. కోసి అమ్ముకోవచ్చా?
- పాత ఇనుము వ్యాపారి, ఎర్రగుంట్ల

వద్దు, గ్యాస్ కట్టర్ దగ్గరికి కూడా తీసుకుపోవద్దు. ఆ గుర్తు రేడియేషన్ ప్రమాదానిది. తొట్లలో సరుకు మట్టం చూసే పరికరాల్లో సీసియం-137 పెడతారు, ఆ సీసం దానికి కవచం. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో తుక్కువాళ్లు ఆస్పత్రి యంత్రంలోని ఇలాంటి సీసియాన్నే విప్పితే నలుగురు చనిపోయారు. డబ్బాను ఉన్నచోటే వదిలేసి మనుషుల్ని దూరం పంపించండి. పోలీసులకు, ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి చెప్పించండి. ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వాళ్ల పేర్లు రాసి పెట్టండి. డబ్బా పగిలినట్టు అనుమానం ఉంటే ఆ చోటును ఊడ్చొద్దు, నీళ్లు పోసి కడగొద్దు. సీసియం లవణం నీళ్లలో కరిగి కాలువ దాకా పోతుంది.