లారీ ఇంటి అమ్మాయికి లాజిస్టిక్స్ ఎంబీఏ ఇప్పుడే కావాలా?

విజయవాడ నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు రెండు లారీలున్నాయి. చెన్నై, హైదరాబాద్ లోడ్లు తిప్పుతారు. కూతురు బీకాం కంప్యూటర్స్ చివరి ఏడాది. బండ్ల డీజిల్ లెక్కలు, ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రాలు) ఇంట్లో ఆ అమ్మాయే చూస్తుంది. సప్లై చైన్‌లో (సరుకు కొనుగోలు నుంచి చేరవేత దాకా నడిపించే పని) ఎంబీఏ చేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీ ఏడాదికి రెండు లక్షల ఫీజు చెప్పింది. "ఆడపిల్లకు లారీల గోల ఎందుకని చుట్టాలంటున్నారు. ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలే ఉండవని మరొకరు. అప్పు చేసి చేర్పించమంటారా?" అని అడిగారు.

నమస్కారమండీ. అమ్మాయిని ఈ రంగంలోకి తప్పకుండా పంపండి. అప్పు మాత్రం ఈ ఏడాది చేయకండి. ముందు ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి, ఎంబీఏ ఆ తర్వాత.

జీఎస్టీకి ముందు రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. తడ దగ్గర చెక్‌పోస్టులో కాగితాలు చూపించడానికే బండి గంటల తరబడి ఆగేది. రాష్ట్రం దాటి అమ్మితే పడే కేంద్ర అమ్మకం పన్ను లేకుండా చూసుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో గోడౌన్ పెట్టుకునేవి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. చిన్న గోడౌన్లు మూసేసి, రెండు మూడు రాష్ట్రాలకు కలిపి ఒక పెద్దది పెట్టుకోవడం మొదలైంది. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ వైపు మీ బండి లోడ్ దించే పెద్ద పెద్ద షెడ్లు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. చిన్న గోడౌన్‌కి ఒక గుమస్తా, నలుగురు హమాలీలు ఉంటే సరిపోయేది. ఇంత పెద్ద షెడ్డులో ఏ సరుకు ఎక్కడుంది, ఏది ముందు కదలాలి, ఏ బండికి ఏ డాక్ (సరుకు ఎక్కించి దించే చోటు) ఇవ్వాలి అని గంట గంటకూ చూసుకునే మనుషులు కావాలి. డిగ్రీ చదివినవాళ్లకు ఉద్యోగాలు పుట్టింది అక్కడే.

ఎగుమతుల వైపు పరిస్థితి వేరు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, యూరప్ వెళ్లే చాలా ఓడలు సూయెజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ప్రయాణం పది నుంచి పద్నాలుగు రోజులు పెరిగింది, కంటైనర్ కిరాయి కూడా పెరిగింది. ఆ తర్వాత 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. మన రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్ కాబట్టి భీమవరం ప్రాంతం ఎంత టెన్షన్ పడిందో మీరు వినే ఉంటారు. వేరే దేశానికి పంపుదామంటే అక్కడి కాగితాలు వేరు, పరీక్షలు వేరు. యూరప్‌లో యాంటీబయాటిక్ అవశేషాల తనిఖీ చాలా కఠినం. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు ఒక్క కాగితంలో తప్పు వల్ల పోర్టులో ఆగిపోతే, కరెంటు ఖర్చు, అద్దె రోజురోజుకీ పెరుగుతూనే ఉంటాయి. అలాంటి రోజున కస్టమ్స్‌తో, షిప్పింగ్ లైన్‌తో, కొనుగోలుదారుతో మాట్లాడి సరుకును కదిలించగలిగిన మనిషి విలువ యజమానికి బాగా తెలుస్తుంది.

ఏఐ గురించి మీ భయం పూర్తిగా తప్పు కాదు. బిల్లులు చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం, బండి ఎక్కడుందని ఫోన్ చేసి రాసుకోవడం లాంటి పనులు తగ్గిపోతున్నాయి. అమ్మాయి అలాంటి ఉద్యోగంలో చేరినా అందులోనే ఉండిపోకూడదు. కానీ ఒంగోలు దగ్గర బండి చెడిపోయిందనుకోండి. వేరే బండి మాట్లాడాలి, ఈ-వే బిల్లులో బండి నంబరు మార్చాలి, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఇచ్చిన గడువు దాటుతుంటే పొడిగించాలి, అవతల సరుకు కోసం చూస్తున్న పార్టీకి సర్దిచెప్పాలి. మీ అమ్మాయి ఇదంతా మీ ఇంట్లోనే చూసింది. ఎంబీఏ తరగతిలో చాలామందికి ఈ అనుభవం ఉండదు. దీన్ని ఆమె చిన్నచూపు చూడకుండా మీరే ధైర్యం చెప్పాలి.

చుట్టాల మాటకొస్తే, ఈ రంగమంటే హైవే మీద తిరగడమే అనుకుంటున్నారు వాళ్లు. ప్లానింగ్, కొనుగోళ్లు, కస్టమ్స్ డాక్యుమెంటేషన్, స్టాక్ లెక్కలు అన్నీ ఆఫీసు పనులే. గోడౌన్ ఉద్యోగమైతే రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే ఇంటి దాకా కంపెనీ వాహనం వస్తుందా అని చేరే ముందే అడగండి. అలా అడగడానికి మొహమాటపడకండి.

ఆ కాలేజీ వాళ్లను కూడా ఒక మాట అడగండి. పోయినేడాది పిల్లలు ఏ కంపెనీలో, ఏ పోస్టులో చేరారు? కంపెనీ పేరు చెప్పి పోస్టు చెప్పకపోతే అనుమానించండి. సప్లై చైన్ ఎంబీఏ అని చేర్చుకుని, చివరికి సేల్స్ ఉద్యోగాలు చూపించిన కాలేజీలు నాకు తెలుసు. అక్కడ చదివిన ఇద్దరు సీనియర్లతో అమ్మాయిని స్వయంగా మాట్లాడమనండి.

ఈలోగా ఖర్చు లేకుండా నేర్చుకునే దారి ఉంది. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైటులో ఐఐటీ అధ్యాపకుల సప్లై చైన్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. ఎక్సెల్ బాగా రావాలి, పివట్ టేబుల్ కళ్లు మూసుకుని చేయగలగాలి. డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్ వెతకండి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోలిస్తే తక్కువే ఉంటుంది, అది చూసి నిరాశపడొద్దు. పని చేస్తూనే ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కి చదివితే ఐఐఎం ముంబై, మన దగ్గరే విశాఖ ఐఐఎం, ఎగుమతుల మీద ఆసక్తి ఉంటే కాకినాడలోని విదేశీ వాణిజ్య విద్యాసంస్థ ఐఐఎఫ్‌టీ ఉన్నాయి. ఐఐఎం ముంబై 2023 దాకా ఎన్‌ఐటీఐఈ అనే పేరుతో ఉండేది, ఈ రంగానికి పేరున్న సంస్థ. అలాంటి చోట సీటొస్తే అప్పు చేయండి, నేనే చేయమంటాను.

ఈ వారం మాత్రం ఒక పని చెప్పండి. మీ రెండు బండ్ల మూడు నెలల ట్రిప్పులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాయమనండి. లోడింగ్‌కి ఎన్ని గంటలు ఆగింది, అన్‌లోడింగ్‌కి ఎన్ని, రిటర్న్ లోడ్ దొరికిందా లేక ఖాళీగా వచ్చిందా, కిలోమీటరుకు డీజిల్ ఎంత పడింది. ఏ పార్టీ దగ్గర మీ బండి ఎక్కువ సేపు ఆగుతోందో తేలుతుంది, మీకూ పనికొస్తుంది. ఆ షీట్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లమనండి. నాకూ ఒక కాపీ పంపితే, ఏ కంపెనీలకు దరఖాస్తు పెట్టాలో ఆమెతోనే మాట్లాడతాను.