చంద్రకాంతతో మొదలుపెట్టు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పూల రంగులు సంతానానికి ఎలా దిగుతాయో పెరట్లోనే చేసి చూస్తానని రాశావు. చాలా సంతోషం వేసింది. అయితే బంతితో వద్దు. బంతి పువ్వంటే బోలెడన్ని చిన్న పూల గుత్తి, దాంట్లో పుప్పొడినిచ్చే కేసరాలు తీయడం కొత్త చేతికి కుదరదు. చంద్రకాంత పువ్వులో కేసరాలు సాధారణంగా ఐదే ఉంటాయి. లక్షణాలు సంతానానికి ఎలా దిగుతాయో బఠాణీ మొక్కలతో తేల్చినవాడు మెండెల్. ఆయన సూత్రాలను 1900లో మళ్లీ వెలికితీసిన శాస్త్రవేత్తల్లో ఒకడైన కారెన్స్ కూడా ఈ మొక్కపై ప్రయోగాలు చేశాడు.

నిండు ఎరుపు మొక్క ఒకటి, తెల్లది ఒకటి చాలు. పసుపువీ, చారలవీ తీసుకోకు, వాటి లెక్క వేరు. మన ఎండకు సంచిలో మొగ్గ వాడిపోతుంది కనుక నీడపట్టున ఉన్న మొక్క చూసుకో. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే ఉబ్బిన మొగ్గను సూదితో నిలువుగా చీల్చి, పుప్పొడి రాలకముందే కేసరాలన్నీ తీసెయ్. మధ్యలోని సన్నని కీలం మాత్రం తెగకూడదు, అక్కడ తొందర పనికిరాదు. కాగితపు సంచి తొడుగు. సాయంత్రం రెండో మొక్క పుప్పొడిని కీలం కొనకు అద్ది, మళ్లీ సంచి కట్టి, కాడకు దారం ముడివెయ్. ఒక పువ్వుకు ఒకే గింజ వస్తుంది, కాబట్టి చాలా పూలకు చెయ్యాలి.

ఆ గింజల మొక్కలన్నీ గులాబీ రంగులో పూస్తాయి. రంగు జన్యువు ప్రతి మొక్కలో రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఎరుపు ప్రతి ఒక్కటే ఉంటే నిండు ఎరుపుకు చాలినంత రంగు తయారుకాదు. ఎరుపూ తెలుపూ కలిసిపోయాయని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు! గులాబీ మొక్కల పుప్పొడిని వాటిలో వాటికే అద్ది, ఆ గింజలు వెయ్యి. సుమారు నాలుగింట ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా, రెండు గులాబీగా పూస్తాయి. నిజంగా కలిసిపోయి ఉంటే ఆ ఎరుపు మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది?

నాలుగు మొక్కలే పెట్టి లెక్క తప్పిందని దిగులుపడకు. బఠాణీలో ఊదా ప్రతి ఒక్కటున్నా పువ్వు ఊదాగానే పూస్తుంది, కాబట్టి అక్కడ తెలుపుకు మూడింతలు ఊదా రావాలి. మెండెల్‌కే 705 ఊదా, 224 తెలుపు వచ్చాయి, సరిగ్గా మూడింతలు కాదు. కనీసం నలభై పెట్టు.

మీ నాన్న అడిగిన సంగతి కూడా ఇదే. హైబ్రిడ్ బంతి గింజ దాచి వేస్తే జన్యువులు విడిపోయి పూలు ఒకే తీరుగా రావు, ఏటా కొత్త విత్తనం కొనమని చెప్పు. చామంతిని పిలకలతో పెంచుతాం కాబట్టి తల్లి రంగే వస్తుంది.

చంద్రకాంత గింజలు అచ్చం మిరియాల్లా ఉంటాయి, తింటే విషం. తమ్ముడికి అందకుండా సీసాలో పోసి, ఏ తల్లి, ఏ తండ్రి అన్నది చీటీ రాసి అంటించు.

మీ మామయ్య