మావాడు లా అంటున్నాడు, నేను బీటెక్ అంటున్నా

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ చేతిలో ఎప్పుడూ సైన్స్ ఫిక్షనే. రేపు యంత్రాలే తీర్పులు చెప్తాయంటాడు, క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఏ పాస్‌వర్డూ నిలవదంటాడు. ఇప్పుడేమో ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతా అని పట్టుబట్టాడు. ఎంసెట్ దగ్గరపడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, నర్సంపేట

జవాబు: ముందు ఆ పుస్తకాలు లాక్కోకండి. రోబో మనిషికి హాని చేయకూడదన్న నియమం 1942లోనే ఓ కథలో వచ్చింది. డ్రైవర్ లేని కారు ఎవరినైనా గుద్దితే కేసు ఎవరి మీద పెట్టాలి? కారు యజమాని మీదా, కంపెనీ మీదా, ప్రోగ్రామ్ రాసినవాళ్ల మీదా? ఇప్పుడు చాలా దేశాల్లో ప్రభుత్వాలు దీని మీదే తల పట్టుకుంటున్నాయి. మీ అబ్బాయికి ఇంటర్‌లోనే ఇలాంటి ప్రశ్నలు వస్తున్నాయంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

క్వాంటమ్ గురించి అతను చెప్పేది మాత్రం సగమే నిజం. ఇప్పుడు వాడుతున్న కొన్ని ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చే) పద్ధతులను తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఛేదించగలదని 1994లోనే గణితపరంగా తేలింది. కానీ అంత పెద్ద యంత్రం ఇంకా తయారు కాలేదు. ఈలోగా 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ దానికి తట్టుకునే కొత్త పద్ధతులు ప్రకటించింది. మన 2023 నాటి డేటా రక్షణ చట్టమేమో, జనం సమాచారాన్ని సరిగా కాపాడని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంటోంది. రేపు ఓ బ్యాంకు పాత పద్ధతే వాడుతూ కూర్చుంటే అది నిర్లక్ష్యమా, కాదా? అది తేల్చాలంటే లా, కంప్యూటర్లు రెండూ వచ్చినవాళ్లు కావాలి.

అసలు పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తా. వాట్సాప్ మెసేజీ కాపీ కోర్టులో పెట్టాలంటే మామూలుగా ప్రింటు తీసిస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫారంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, రాయాలి. షా-256 పద్ధతిలో అయితే అది 64 అంకెలూ అక్షరాలూ కలిసిన వరస. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. విండోస్‌లోనే దానికి కమాండ్ ఉంది. ఈ ఆదివారం మీ అబ్బాయిని నోట్‌ప్యాడ్‌లో రెండు లైన్లు రాసి హ్యాష్ తీయమనండి, ఒక అక్షరం మార్చి మళ్లీ తీయమనండి. తర్వాత సెక్షన్ 63 పూర్తిగా చదివి మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. హ్యాష్ దగ్గర హుషారుగా ఉండి సెక్షన్ దగ్గర విసుక్కుంటే అతనికి కావలసింది కంప్యూటర్ సైన్సే. రెండూ ఇష్టంగా చేస్తే లా మాటను మీరు సీరియస్‌గా తీసుకోవాలి.

అప్పుడు కూడా నా సలహా బీటెక్ ముందు, లా తర్వాత అనే. డిగ్రీ చేతిలో ఉంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఎప్పుడైనా చేయొచ్చు. సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ మీకు దగ్గరే. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇంజినీర్లు చేరగలిగే లా కోర్సు కూడా ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల లా చదివి మళ్లీ కంప్యూటర్ సైన్స్‌కు రావడం చాలా కష్టం. పైగా పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపేవాళ్లు) పరీక్ష రాయాలంటే సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరి, లా డిగ్రీ అక్కర్లేదు. మన పేటెంట్ చట్టం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ ఇవ్వదు. అందులో నిజమైన ఆవిష్కరణ ఎక్కడుందో చూపించి వాదించాలంటే కోడ్ చదవడం రావాలి.

ఒకవేళ లానే అని భీష్మించుకుంటే ఆపకండి. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ సాధారణంగా డిసెంబరులోనే అయిపోతుంది కాబట్టి ఈసారికి మిగిలింది మన రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష టీజీ లాసెట్, దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. జూనియర్ వకీళ్లకు మొదటి కొన్నేళ్లు సంపాదన చాలా తక్కువన్న సంగతి మాత్రం ఇప్పుడే దాచకుండా చెప్పండి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో వకీలుగా నమోదు కాలేరని కూడా. ప్రస్తుతానికి ఎంసెట్‌కూ (ఇప్పుడు దాని పేరు టీజీ ఈఏపీసెట్), లాసెట్‌కూ దరఖాస్తు చేయించి, ఎంసెట్ అయ్యేదాకా ఇంట్లో ఈ చర్చ ఆపేయండి.