బోనెట్ ఎత్తాక రాయి

తమ్ముడూ,

1995 నాటి మెర్సిడెస్ ఈ220 మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ చదివినవాడికి ఆ బండి కొనాలో వద్దో తేలదు. రాజసం, దర్జా, జర్మన్ పనితనం అంటూ మూడు పేరాలు నింపావు గానీ, బోనెట్ ఎత్తి చూసిన ఆనవాలు ఒక్క వాక్యంలోనూ లేదు.

ఇలాంటి కార్లు కొనేటప్పుడు చవక. ఆ తర్వాతే ఖర్చు మొదలవుతుంది. బండికి వయసు మీద పడ్డా పార్టుల రేట్లు బెంజి రేట్లే. నీ మాట నమ్మి ఎవడో అడ్వాన్సు ఇచ్చేస్తాడు. అందుకే చూసింది రాయి, చూడనిది చూడలేదనే రాయి.

చరిత్ర క్లుప్తంగా చాలు. ఈ బండి మోడల్ కోడ్ డబ్ల్యూ124, అది జర్మనీలో 1984 చివర్లో వచ్చింది. 1995లో పుణెలో బిగించడం మొదలుపెట్టారు, మన దేశంలో తయారైన మొదటి మెర్సిడెస్ కారు అదే. (అంతకు చాలాముందే మా తరం మెర్సిడెస్ గుర్తైన ఆ నక్షత్రాన్ని టాటా లారీల ముక్కు మీద చూసింది, అది వేరే కథ.) ఒంటి వైపర్ అద్దంలో 86 శాతం తుడుస్తుందని మురిసిపోయావు. నిజమే, ముచ్చటైన ఏర్పాటు. ఒక్క వాక్యంతో సరిపెట్టు.

నువ్వు అసలు ముట్టుకోనిది ఇంజిన్ వైరింగ్. 1990ల మొదటి సగంలో పర్యావరణానికి మేలని వాడిన వైర్ల తొడుగు ఇంజిన్ వేడికి పెళుసుబారి రాలిపోతుంది. పైనున్న నల్ల గొట్టం చూస్తే ఏమీ తెలియదు. ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర దాన్ని కొంచెం వెనక్కి జరిపి, వైరును మెల్లగా వంచి చూడాలి. పొడిపొడిగా రాలిందా, పని అయిపోయినట్టే. ఐడిలింగ్‌లో బండి వణుకుతుంది, ఖర్మ కాలితే ఇంజిన్ కంప్యూటరే కాలిపోతుంది. మార్పించామని ఓనరు అంటే బిల్లు అడుగు. వైర్ల కట్టకి, అంటే హార్నెస్‌కి చిన్న చీటీ అంటించి ఉంటుంది, దాని మీద తయారైన తేదీ ఉంటుంది. ఆ చీటీ ఫొటో వేస్తే, సూర్యాస్తమయంలో నక్షత్రం మెరుస్తున్న నీ ఫొటో కన్నా పాఠకుడికి వందరెట్లు పనికొస్తుంది.

తర్వాత తుప్పు. తలుపుల కింది అంచున, గడపలాంటి సిల్ మీద ప్లాస్టిక్ పలకలు ఉంటాయి కదా, వాటి వెనక తడి నిలుస్తుంది. జాకీ పెట్టేచోట ప్లాస్టిక్ మూతలు ఊడదీసి టార్చి వేసి చూడు. ముందు ఫెండర్ల అడుగు, బ్యాటరీ ట్రే, వెనక అద్దం కింది మూలలు కూడా వదలొద్దు. మెరిసే పెయింటు చూసి మోసపోకు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకో, అది అతుక్కోనిచోట ఇనుము మీద పుట్టీ దండిగా పట్టించారన్నమాట.

హైదరాబాద్ ఎండల్లో ఏసీ గురించి రాయకపోవడం మాత్రం క్షమించరానిది. గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ కారితే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. పార్టు కన్నా కూలి ఎక్కువ పడుతుంది, పైగా విప్పిన చెక్క పలకలూ క్లిప్పులూ మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టే మిస్త్రీ దొరకాలి.

మీటరు రీడింగుని అంత నమ్మకంగా రాశావేం? ఈ బండ్లలో దాని ప్లాస్టిక్ పళ్లు విరిగి అంకెలు ఆగిపోవడం మామూలే. పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూస్తే అసలు లెక్క అంచనాకి వస్తుంది.

కాగితాల గురించి ఒక పేరా చేర్చు. ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీదవాటితో కలవాలి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద 2014-15లో ఆంక్షలు వచ్చాక, అక్కడి కార్లు ఎన్ఓసీతో (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రంతో) మనవైపు రావడం మొదలైంది. ఇక్కడ కట్టాల్సిన పన్ను కలిపితే గానీ అసలు ధర తెలియదు. శీర్షికలో 'వింటేజ్' కూడా తీసెయ్. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన బండ్లకే వర్తిస్తుంది. దీనికి 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు.

మళ్లీ వెళ్లి చూసిరా. పొద్దున్నే వస్తానని ఓనరుకు ముందురోజే ఫోన్ చెయ్యి, నువ్వు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దని గట్టిగా చెప్పు. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో ఎలా పలికిందో, పొగ ఏ రంగులో వచ్చిందో రాసి, ఆ తర్వాతే నాకు పంపు.

నీ అన్నయ్య